తొంభై ఎనిమిది శాతం మేస్త్రి

మేం గేటు దగ్గర దిగేసరికి ఒంటిగంటా నలభై. నాలుగింటికి పోలీసులు వచ్చి తాళాల మేస్త్రిని తీసుకుపోతారు. అంటే మా ఆవిడ చేతిలో ఉన్నది రెండు గంటల ఇరవై నిమిషాలు. ఆ మాటే చెబుదామని నోరు తెరిచాను.

"రెండు గంటల ఇరవై నిమిషాలు. అదేగా?" అంది మా ఆవిడ వెనక్కి తిరక్కుండానే.

నేను ముప్పై ఏళ్ళు గడియారాలు బాగుచేశాను. మా ఆవిడ పాతికేళ్ళుగా డిటెక్టివు. చెడిపోయిన గడియారం రేపేం చేస్తుందో నేను చెప్పగలను, బాగానే ఉన్న మనిషి రేపేం చేస్తాడో ఆవిడ చెప్పగలదు. పెళ్ళయిన దగ్గర్నుంచి నేను ఆవిడని ఆశ్చర్యపరిచిన సందర్భం ఒక్కటీ గుర్తులేదు. కొట్టు మూసేశాక ఆవిడ సంచీ మోసే ఉద్యోగంలో చేరాను. ఏది ఎన్నింటికి జరిగిందో చిన్న పుస్తకంలో రాయడం కూడా నా పనే. ఇవాళ్టి పేజీలో మొదటి వరుస ఇది: పన్నెండూ ఇరవై, తాళాల కంపెనీ యజమానురాలి ఫోన్. "ఏ పాపం ఎరగని పెద్దాయన ఇరుక్కునేలా ఉన్నాడు, త్వరగా రండి."

కేసు వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. తాళాల కంపెనీలో దొంగతనం! వీళ్ళు కొత్తగా 'అలవాటు తాళం' అని ఒకటి తయారుచేశారు. దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నా ఫరవాలేదు, అన్నిటికీ ఒకే చెవి. తిప్పే చెయ్యి ఎవరిదో తాళం కనిపెడుతుంది. ఎంత గట్టిగా నొక్కారు, ఎంతసేపు ఆగారు, ఎటు తిప్పారు, అన్నీ చూసి ఈ మనిషి తర్వాత ఏం చేస్తాడో ముందే అంచనా కడుతుంది. అంచనా సరిపోతే తెరుచుకుంటుంది, లేకపోతే బిగుసుకు కూర్చుంటుంది. రేపు పొద్దున పెద్ద కొనుగోలుదార్లకి చూపించాల్సిన నమూనా తాళం మూడో అంతస్తులో, అలాంటి తాళమే వేసిన ఇనప బీరువాలో ఉంది. ఇవాళ పొద్దున పదకొండూ పన్నెండుకి బీరువా తెరుచుకుంది. పదకొండూ నలభై ఐదుకి స్టోర్సు గుమాస్తా చూసేసరికి లోపల ఏమీ లేదు. బీరువా తాళంలో నమోదైన పేరు: మేస్త్రి. సరిపోలిక తొంభై ఎనిమిది శాతం.

మెట్ల దగ్గరే శాతాలరావు ఎదురయ్యాడు. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు, మా ఆవిడ పెట్టింది. కంపెనీలకి యంత్రాల గురించీ మనుషుల గురించీ శాతాలు కట్టి ఇవ్వడం ఆయన వృత్తి. ఈ తాళాన్ని మోసం చేయడం అసాధ్యమని సంతకం పెట్టిందీ ఆయనే, ఇవాళ డైరెక్టర్లు దర్యాప్తు అప్పగించిందీ ఆయనకే. ఇదివరకు మూడు కేసుల్లో మా ఆవిడతో తలపడ్డాడు, రెండింట్లో ఓడిపోయాడు. మూడోది తనే గెలిచానని ఇప్పటికీ అంటుంటాడు.

"ఆలస్యంగా వచ్చారు మేడమ్. కేసు అయిపోయింది."

"అయిపోయిన కేసుకి మీరింకా ఇక్కడే ఎందుకున్నారు బాబూ?"

"మీరొస్తారని ఎనభై ఆరు శాతం అనుకున్నాను, అందుకని. తాళం రికార్డు పన్నెండూ యాభైకి నేనే తెరిచాను. అప్పటిదాకా ఈ బిల్డింగులో ఒక్కరికి కూడా మేస్త్రి మీద అనుమానం రాలేదు. పేరు చదివితే అందరి నోళ్ళూ పడిపోయాయి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, తాళం పట్టింది!"

ఇంతలో ఆయన జేబులో ఫోను టింగుమంది. చూసి మురిసిపోయాడు.

"మా ఇంటి తాళం. ప్రయోగానికని నలభై ఇళ్ళకి బిగించారు కదా, అందులో మాదొకటి. ఎవరు తీసినా నాకు కబురొస్తుంది. మా అమ్మ మొక్కలకి నీళ్ళు పోయడానికి బయటికెళ్ళింది. పగలంతా ఆవిడ ఒక్కతే ఉంటుంది మేడమ్. నాకెంత నమ్మకం లేకపోతే అక్కడ పెట్టిస్తాను చెప్పండి?"

"మీ అమ్మగారు మొక్కలకి నీళ్ళు పోస్తారని తెలుసుకోవడానికి తాళం కావాలా?" అంది మా ఆవిడ, మెట్లెక్కుతూ.

మేస్త్రిని మూడో అంతస్తులో ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి. ఎదుట టీ చల్లారిపోయి ఉంది. తలుపు బయట కాపలా, లోపల కిటికీకి కంపెనీ తాళం. ఆ తాళాన్ని కూడా ఈయనే చేసి ఉంటాడని నాకు అనిపించింది.

"అన్నయ్యగారూ, పదకొండూ పన్నెండుకి ఎక్కడున్నారు?" మా ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"డాబా మీదమ్మా. మోకాళ్ళకి ఎండ పట్టిస్తున్నా."

"ఎవరైనా చూశారా?"

"ముసలాడు ఎండలో కూచుంటే ఎవరు చూస్తారమ్మా?"

"బీరువా తీశారా?"

ఆయన తన చేతులకేసి చూసుకున్నాడు. వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి.

"తియ్యలేదమ్మా. కానీ ఆ తాళం నేను చేసింది. అది అబద్ధం చెప్పదు. ఇందాకట్నుంచి అదే ఆలోచన. నిద్రలో నడిచానేమో, మతి తప్పిందేమో... ఒకవేళ నేనే తీసి మర్చిపోయానా? నలభై ఐదేళ్ళు. నా పెట్టెలో ఒక్క మేకు కూడా ఇంటికి తీసుకెళ్ళలేదు. నాలుగింటికి నన్ను జీపెక్కిస్తే మా ఇంటిదానికి ఎవరు చెబుతారమ్మా? దానికి నేనే చెప్పాలి. ఏమని చెప్పను?"

నాకు గడియారం కేసి చూడటానికి కూడా మనసొప్పలేదు. అయినా రాశాను: రెండూ అయిదు.

"తాళానికి మీ చెయ్యి ఎందుకు నేర్పారు?" మా ఆవిడ మెల్లిగా అడిగింది.

"ప్రతి తాళానికీ మొదట నా చెయ్యే నేర్పుతామమ్మా. రెండేళ్ళ కింద వారం రోజులు కూర్చోబెట్టి తిప్పించారు. ఆ తర్వాతే ఇంటివాళ్ళ చేతులు నేర్చుకుంటుంది. రేపు ఎవరైనా లోపల ఇరుక్కుంటే నేనెళ్ళి తియ్యాలిగా?"

"మీ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఎంతమంది?"

ఆయన వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. ఆ లెక్కలో ముఖం కాస్త వెలిగింది. "పదిహేడు మంది. పదహారు మంది బుద్ధిమంతులు. ఒక్క పొడుగోడు మాత్రం..."

"డెబ్భై మూడు శాతం!" గుమ్మంలోంచి శాతాలరావు అందుకున్నాడు. "రెండేళ్ళ కింద నేనే పట్టాను వాణ్ణి. దొంగతనం చేసే అవకాశం డెబ్భై మూడు శాతమని లెక్క తేలింది. వెంటనే పన్లోంచి తీయించేశాను."

"ఏం దొంగిలించాడు?"

"ఇంకా ఏమీ దొంగిలించలేదు. అదే కదా నా గొప్పతనం!"

మేస్త్రి తల దించుకున్నాడు. "మంచి చెయ్యమ్మా వాడిది. నా చెయ్యి తర్వాత వాడి చెయ్యే. బయటికెళ్ళాక దొంగముద్ర పడ్డవాడికి తాళాల పని ఎవడిస్తాడు?"

మా ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అననప్పుడు నేను పుస్తకంలో ఒక చుక్క పెడతాను. పెట్టాను.

బీరువా పనిగదిలో ఉంది. పొడుగాటి బల్ల, ఆకురాళ్ళు, ఇత్తడి పొడి, మేస్త్రి కూర్చునే మూడుకాళ్ళ పీట. తాళంచెవి మాత్రం బీరువా పక్కనే మేకుకి వేలాడుతోంది, రండి తిప్పుకోండి అన్నట్టు. బీరువా మీద గీతలు లేవు, నేల మీద అడుగుజాడలు లేవు. మా ఆవిడ ఆ రెండూ చూడనైనా లేదు. మేస్త్రిని పిలిపించి, "తియ్యండి అన్నయ్యగారూ" అంది. నాకేసి చూసింది. నేను గడియారం పట్టుకున్నాను.

ఆయన చెవి దూర్చాడు. ముందు సగం వెనక్కి తిప్పాడు. ఒక ఊపిరి ఆగాడు. ఆ తర్వాత ముందుకి తిప్పాడు. బీరువా తెరుచుకుంది. తాళం మీది బుల్లి అద్దంలో అక్షరాలు వెలిగాయి: "స్వాగతం, మేస్త్రిగారూ!"

"పంతొమ్మిది సెకన్లు," అన్నాను.

"వెనక్కెందుకు తిప్పుతారు?"

"దుమ్ము పక్కకి జరుగుతుందమ్మా. మా గురువు నేర్పాడు. నేనూ నేర్పాను. ఈ పద్ధతి రాకుండా నా పీట దగ్గర్నుంచి ఎవర్నీ లేవనివ్వను."

మా ఆవిడ శాతాలరావు వైపు తిరిగింది. "ఇప్పుడు సరిపోలిక ఎంత?"

ఆయన ఫోను చూశాడు. "ఎనభై ఒకటి. భయంలో ఉన్నాడు కదా, తగ్గుతుంది."

"భయం లేని రోజుల్లో? ఈ నెలంతా చదవండి."

ఆయన చదివాడు. ఎనభై నాలుగు, డెబ్భై తొమ్మిది, ఎనభై ఎనిమిది, ఎనభై రెండు. ఒక్కసారి తొంభై. మళ్ళీ ఎనభై.

"మరి ఇవాళ పదకొండూ పన్నెండుకి?"

"తొంభై ఎనిమిది. పన్నెండు సెకన్లు. చూశారా, ఎంత ఖచ్చితమైన సాక్ష్యమో!"

"చూశాను బాబూ. మోకాళ్ళు పట్టేసి, వేళ్ళు వాచిన మనిషి నెలరోజుల్లో ఒక్కసారి కూడా తొంభై దాటలేదు. దొంగతనం చేసే కంగారులో మాత్రం కుర్రాడైపోయి తొంభై ఎనిమిది కొట్టాడు. అంతేనా?"

శాతాలరావు మళ్ళీ ఫోను చూశాడు. "అంటే... అప్పుడప్పుడూ..."

"తాళం నేర్చుకున్నది రెండేళ్ళ కిందటి చెయ్యి. నేర్పినాయన చెయ్యి ముసలిదైపోతుంది. నేర్చుకున్నవాళ్ళ చేతిలో పాఠం అలాగే ఉంటుంది. ఇవాళ బీరువా తీసింది మేస్త్రి కాదు, మేస్త్రి పాఠం."

మేస్త్రి పీట మీద కూలబడ్డాడు. "అయితే నాకు మతి తప్పలేదన్నమాట," అన్నాడు. జైలు తప్పినందుకన్నా దానికే ఎక్కువ సంతోషించినట్టు కనిపించాడు.

"ఒకరి చెయ్యి ఇంకొకరికి రావడం లక్షలో ఒక్కటి!" శాతాలరావు గొంతు పెంచాడు. "లక్ష ప్రయోగాలు చేశాను నేను!"

"ఎవరితో?"

"అద్దెకి తెచ్చిన మనుషులతో. తాళాల గురించి ఓనమాలు కూడా రానివాళ్ళతో. అప్పుడే కదా పరీక్ష నిష్పక్షపాతంగా ఉంటుంది?"

"బయటివాళ్ళతో లక్షసార్లు పరీక్షించారు, ఆయన శిష్యులు పదిహేడు మందిని వదిలేశారు," అంది మా ఆవిడ. "ఏమండీ, టైమెంత?"

"రెండూ యాభై ఐదు."

"పదండి, యజమానురాలి గదికి."

యజమానురాలు యాభై ఏళ్ళ మనిషి. తండ్రి పెట్టిన కంపెనీ. మమ్మల్ని చూడగానే లేచి నిలబడి, "ఆయన్ని వదిలేస్తారా?" అని అడిగింది. ఎవరు తీశారని అడగలేదు. నేను ఇంకో చుక్క పెట్టాను.

"మేస్త్రిగారి దగ్గర పని నేర్చుకున్నవాళ్ళ జాబితా కావాలమ్మా," అంది మా ఆవిడ.

"సొరుగులో ఉంది." ఆవిడ తాళంచెవి తీసి బల్ల సొరుగులో దూర్చింది. సగం వెనక్కి తిప్పింది. ఒక ఊపిరి ఆగింది. ముందుకి తిప్పింది.

మా ఆవిడ నాకేసి చూడలేదు. అవసరం లేదు. యజమానురాలు కాగితం తీసి ఇచ్చింది. జాబితాలో పేర్లు పదహారే ఉన్నాయి.

"మేస్త్రిగారు పదిహేడు అన్నారే?"

"మర్చిపోయారేమో. పెద్దవారు."

"వేళ్ళు మడిచి లెక్కపెట్టారమ్మా. వాళ్ళ గురించి చెబుతుంటే ఆయన ముఖం చూడాలి, ఒక్కర్ని కూడా మర్చిపోయే మనిషి కాదు." మా ఆవిడ గొంతులో కోపం లేదు. "ఇంకో సంగతి. మీరు నాకు ఫోన్ చేసింది పన్నెండూ ఇరవైకి. మావారి పుస్తకంలో ఉంది. పెద్దాయన ఇరుక్కుంటున్నాడని చెప్పారు. తాళం రికార్డు తెరిచింది పన్నెండూ యాభైకి. అరగంట ముందే మీకెలా తెలిసింది?"

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకుంటారని సామెత. ఈవిడ భుజాలు తడుముకోలేదు. కుర్చీలో కూర్చుని, చీరకొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చేసింది.

"చిన్నప్పుడు స్కూల్నుంచి వచ్చి ఆయన పీట పక్కనే కూర్చునేదాన్ని. పదేళ్ళు నిండకముందే తాళం తియ్యడం నేర్పారు. ఇవాళ పొద్దున రేపటి నమూనా చూసుకుందామని పైకెళ్ళాను. మేస్త్రిగారు కనబడలేదు. ఊరికే, చెవి పెట్టి తిప్పాను. తెరుచుకుంది! స్వాగతం మేస్త్రిగారూ అంది నన్ను! ఇలాంటి తాళం జనం ఇళ్ళకి అమ్మబోతున్నామా? పోయినవారమే నాకెందుకో అనుమానంగా ఉందంటే డైరెక్టర్లంతా శాతాలు చూపించి నవ్వారు. నమూనా లేకపోతే రేపటి కార్యక్రమం ఆగుతుంది కదా అని సంచిలో పెట్టుకుని వచ్చేశాను. కిందికొచ్చాక గుర్తొచ్చింది, రికార్డులో ఆయన పేరే పడుంటుందని."

"అప్పుడైనా చెప్పాల్సింది."

"నోరు రాలేదు. అందుకే మీకు ఫోన్ చేశాను. మీరెలాగూ నన్ను పట్టుకుంటారని."

యజమానురాలు భోజనం సంచిలోంచి, డబ్బా కిందనుంచి, గుడ్డలో చుట్టిన నమూనా తాళం తీసి బల్ల మీద పెట్టింది. సాంబారు డబ్బా కింద లక్షల తాళం! నాకు నవ్వాగలేదు. మా ఆవిడ నా కాలు తొక్కింది. ఎక్కడ నవ్వుతానో కూడా ఆవిడకి ముందే తెలుసు.

మూడూ ముప్పై ఎనిమిదికి మేస్త్రినీ శాతాలరావునీ ఆ గదిలోకే పిలిపించారు. యజమానురాలు లేచి ఎదురెళ్ళి, ఉన్నదున్నట్టు చెప్పి, ఆయన రెండు చేతులూ పట్టుకుంది. మేస్త్రి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ తర్వాత కోప్పడ్డాడు.

"నీకేం నేర్పాను పాపా? తీసినదాన్ని మూసి రావాలని నేర్పానా, లేదా? బీరువా తలుపు ఓరగా వదిలేసి వస్తావా?"

యాభై ఏళ్ళ పాప ఏడుస్తూనే నవ్వింది. పోలీసులకి ఫోన్ చేసి రావద్దని చెప్పింది. గుమాస్తా వేడివేడి టీ తెచ్చాడు. మేస్త్రి ఈసారి చల్లారనివ్వలేదు. ఇలాంటి కేసులు ఏడాదికొకటి వచ్చినా చాలు, నా మోకాళ్ళకి కూడా ఎండ అక్కర్లేదనిపించింది.

శాతాలరావు మాత్రం ముఖం మాడ్చుకుని మూల కుర్చీలో ఉన్నాడు. "సరే, ఒప్పుకుంటాను. ఈవిడ ఒక్కరి విషయంలో పొరపాటు జరిగింది. దానికే తాళం పనికిరాదంటే ఎలా? మిగతా పదహారు మందికీ ఈ సంగతి తెలియదు కదా? తెలిసినా వాళ్ళు ఏదో చేస్తారని ఏముంది?"

మా ఆవిడ టీ కప్పు కింద పెట్టింది. "ప్రయోగానికి బిగించిన నలభై తాళాలకీ మొదట నేర్పింది మేస్త్రి చెయ్యే కదా?"

"అవును."

"మేస్త్రిగారి చెయ్యి తర్వాత ఎవరి చెయ్యి అన్నారు అన్నయ్యగారూ?"

"పొడుగోడిదమ్మా. తాళానికి నా చెయ్యి నేర్పిన వారమంతా నా పక్కనే ఉన్నాడు," అన్నాడు మేస్త్రి, కప్పు నోటిదాకా తెచ్చి ఆపి.

శాతాలరావు ఏదో అనబోయాడు. ఆయన జేబులో ఫోను టింగుమంది. అలవాటుగా తీశాడు, అలవాటుగా చిరునవ్వు మొదలుపెట్టాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఫోను బల్ల మీద పెట్టేశాడు. అందరం వంగి చూశాం.

"తలుపు తెరుచుకుంది. స్వాగతం, మేస్త్రిగారూ! సరిపోలిక తొంభై ఏడు శాతం. సమయం మూడూ యాభై రెండు."

మేస్త్రి మా కళ్ళెదుటే కూర్చుని ఉన్నాడు, చేతిలో టీ కప్పుతో.

"మా ఇల్లు," అన్నాడు శాతాలరావు. గొంతు పిల్లాడిలా అయిపోయింది. "అమ్మ... అమ్మ నిద్రపోయే వేళ ఇది. ఒక్కతే ఉంది."

నేను అప్పటికే సంచీ భుజానికి తగిలించుకుని గుమ్మంలో ఉన్నాను. మా ఆవిడ నాకేసి చూసింది, ఒక్క క్షణం నిజంగానే ఆశ్చర్యపోయింది. ఆ తర్వాత శాతాలరావు భుజం పట్టి లేపింది.

"రెండేళ్ళ కింద ఏమీ చెయ్యనివాణ్ణి దొంగ అన్నారు బాబూ. పదండి, మీ మాట నిజం కాకముందే వెళదాం. అన్నయ్యగారూ, మీరూ రండి. వాడు ఎవరి మాటైనా వింటే మీ మాటే వింటాడు."

"ఇంకా టైముందంటారా అమ్మా?" అన్నాడు శాతాలరావు. మేడమ్ అనలేదు. ఎంత శాతమని కూడా అడగలేదు.